ముప్పది యైదవ వంతు లారీ

సూరతు నగరమునకు పడమటగా, తపతీనది సముద్రమును చేరు తావునకు చేరువలో, హజీరా యను పారిశ్రామిక ప్రాంతమున్నది. లార్సన్ అండ్ టూబ్రో సంస్థ అచట నెలకొల్పిన కర్మాగారమున, కొరియా దేశపు నమూనా ననుసరించి, కె-9 వజ్ర యను స్వయంచాలక ఫిరంగులు తయారగుచున్నవి. 2017లో కుదిరిన ఒప్పందము మేరకు నూరు ఫిరంగులు నిర్మింపబడి, నూరవది 2021 ఫిబ్రవరిలో సైన్యమునకు అప్పగింపబడినది. ఆ ఫిరంగి చిత్రమును ఆనాడు పత్రికలు ప్రకటించినవి. దాని గొట్టపు పొడవును, దాని గుండు చేరు దూరమును సూరతు జనులు గర్వముతో చెప్పుకొనిరి. ఆ గర్వము తగినదే. అయితే ఒక చిన్న లెక్క వేసి చూతము. దానియందు నిలువ యుండు గుండ్లు 48. నిమిషమునకు రెండేసి చొప్పున ప్రయోగించినను అరగంట గడువకముందే అవి యన్నియు అయిపోవును. ఒక్కొక్క గుండు బరువు సుమారు 45 కిలోలు. అనగా 48 గుండ్లకు రెండు టన్నులకు పైబడిన భారము. ఆ భారమును మోసికొని, బాట ఉన్నచోట బాట వెంటను, లేనిచోట బురద వెంటను, వెనుకనుండి ఒక లారీ సకాలమునకు రానిచో, ఎంతటి వజ్రమైనను మౌనము వహించి నిలువవలసినదే.

యుద్ధవాహనముల సూక్ష్మప్రతిరూపములను నిర్మించు కళయందును ఆ లారీకి దక్కవలసిన గౌరవము దక్కుట లేదు. విడిభాగముల కిట్టు కొనబోవు బాలుడు మొదట కోరునది టాంకు, పిమ్మట విమానము. సామగ్రి మోయు లారీని, గాయపడినవారిని తెచ్చు అంబులెన్సును, చెడిపోయిన టాంకును లాగుకొనివచ్చు రికవరీ బండిని, వంతెనను వీపున మోయు శకటమును ముందుగా కోరువారు అరుదు. నా అభిప్రాయమున, ఈ కళయొక్క సర్వస్వమును నేర్పగలది సహాయక వాహనమే. టాంకు పోరాడును, లారీ పనిచేయును. పోరాటము ఎప్పుడో ఒకనాటిది, పని నిత్యమైనది. నిత్యము చేయు పని ఒక వస్తువు మేనిపై ఏ గుర్తులను ఎచ్చట ఏ కారణమున విడిచిపోవునో కనుగొని, వానిని జానెడు బొమ్మ మీద యథాతథముగా నిలుపగలుగుటయే ఈ కళకు ప్రాణము.

అట్టి గుర్తులను చదువ నేర్చుకొనదలచిన వానికి సూరతున లోటు లేదు. సహారా దర్వాజా పరిసరముల వస్త్రవిపణికి రేయింబవళ్లు వచ్చిపోవు లారీలు, హజీరా బాటను ఇనుము మోయు పొడవాటి ట్రెయిలర్లు, పాండేసరా అద్దకపు మిల్లుల నుండి తడి రంగులతో వెలువడు టెంపోలు — వీనిలో ప్రతి యొకటియు తన వృత్తాంతమును తన తలుపు మీదను, అడుగుమెట్టు మీదను మోసికొనియే తిరుగుచుండును. మన సిరిసిల్ల, కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ సీమలనుండి మరమగ్గముల పనికై వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు లింబాయత్ మొదలగు పేటలలో విస్తారముగా నున్నవి. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున ప్రాథమిక పాఠశాలలను సైతము నడుపుచున్నది. ఆ పిల్లలు లారీలను చూచుచునే పెరుగుదురు. చూచుటకును గమనించుటకును నడుమ నున్న దూరమును దాటించుటకు ఈ సూక్ష్మశిల్పమంతటి సాధనము వేరొకటి నాకు కనబడలేదు.

సైనిక వాహనముల నమూనాలకు లోకమున అత్యధికముగా వాడుకలో నున్న పరిమాణము 1/35. అనగా అసలు వాహనమున ముప్పదియైదు అంగుళముల పొడవు నమూనాయందు ఒక్క అంగుళమగును. పదులలోను డజనులలోను ఇమడని ఈ విచిత్రసంఖ్య ఎక్కడిదని పాఠకులకు సందేహము కలుగవచ్చును. జపాను దేశమున షిజువోకా నగరమున 1946లో కలప వ్యాపారముగా ఆరంభమై, కొయ్యబొమ్మల మీదుగా ప్లాస్టికు నమూనాలకు వచ్చిన తమియా సంస్థ, 1960 దశకపు తొలినాళ్లలో పాంథర్ టాంకు నమూనాను వెలువరించినది. అది మోటారుతో నడచు బొమ్మ. మోటారును, బ్యాటరీలను కడుపున ఇముడ్చుకొనుటకు ఎంత పరిమాణము కావలెనో అంత పరిమాణమున దానిని చేసిరి. చేసిన పిమ్మట కొలిచి చూడగా అది ఇంచుమించుగా ముప్పది యైదవ వంతని తేలినది. బ్యాటరీ కొలత పుట్టించిన ఆ నిష్పత్తినే తరువాతి సంస్థలు పెక్కు అనుసరించినవి. ఈ నిష్పత్తిని మనసున నిలుపుకొనుట నిర్మాతకు మొదటి నియమము. నమూనాపై ఒక మిల్లీమీటరు గీత అసలు వాహనముపై మూడున్నర సెంటీమీటర్ల గాయమునకు సమానము. రంగు పూత మిల్లీమీటరులో ఇరువదవ వంతు దళసరి యైనను, అసలు లారీపై అది దాదాపు రెండు మిల్లీమీటర్ల పేడపూత వలె నుండి మరల తలలను పూడ్చివేయును.

ఏ లారీని నిర్మింతము? నేను సూచించునది అమెరికా దేశపు జి.ఎం.సి. రెండున్నర టన్నుల లారీ. ఇరుసులు మూడు, మూడింటికిని ఇంజను శక్తి అందును. వెనుక ఇరుసులకు జంటచక్రములుండుటచే నేలను తాకు టైర్లు పది. 1941 మొదలు 1945 వరకు అయిదు లక్షలకు మించి ఇవి తయారైనవి. 1944 ఆగస్టు 25న ఫ్రాన్సు దేశమున ఆరంభమై నవంబరు నడుమ వరకు సాగిన రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్ యను రవాణా మార్గమున, ముందుకు దూసుకొనిపోవుచున్న సైన్యములకు పెట్రోలును, గుండ్లను, తిండిని అందించినవి ప్రధానముగా ఇవియే. మిక్కిలి ఉధృతముగా సాగిన దినములలో ఆరువేల వరకు వాహనములు దినమునకు పన్నెండువేల టన్నులకు మించి సరకు మోసినవి. వాని చోదకులలో ముప్పాతిక వంతు నల్లజాతి సైనికులు. స్వదేశమున సమానహక్కులు లేనివారు, సైన్యమునను వేరు దళములుగా నుంచబడినవారు, రెండవ ప్రపంచయుద్ధపు గమనమును తమ చక్రముల మీద నడిపిరి. వారి పేర్లు చరిత్రగ్రంథములలో సేనానుల పేర్ల సరసన కానరావు.

ఈ లారీకి మన దేశముతోను గాఢమైన సంబంధము కలదు. అస్సాము నందలి లేడో పట్టణమునుండి పట్కాయి కొండలను దాటి, బర్మా మీదుగా చీనాలోని కున్మింగ్ నగరమునకు వేయబడిన లేడో మార్గమున తొలి వాహనశ్రేణి 1945 జనవరి 12న బయలుదేరినది. 113 వాహనముల ఆ శ్రేణి ఫిబ్రవరి 4న గమ్యమును చేరినది. ఆ మార్గమును నిర్మించిన అమెరికా దళములలోను నల్లజాతి సైనికులే అధికము. వారితోబాటు మన దేశపు కూలీలు వేలకొలదిగా శ్రమించిరి. కొండచరియలు, ఎడతెగని వానలు, మోకాలిలోతు బంకమన్ను — ఆ బాట మీద నడచిన లారీని చిత్రింపబూనిన వానికి నార్మండీ దుమ్ము పనికిరాదు. ఒకే లారీ, ఒకే సైన్యము, ఒకే రంగు. అయినను ఫ్రాన్సు లారీ వేరు, పట్కాయి లారీ వేరు. కిట్టు పెట్టెను విప్పకముందే ఈ నిర్ణయము జరిగిపోవలెను: ఇది ఏ దేశమున, ఏ నెలలో, ఏ పనిమీద నున్న బండి?

పెట్టెలో నుండునది పాలిస్టయిరీన్ ప్లాస్టికు. కరగిన ప్లాస్టికును ఉక్కు అచ్చులలోనికి బలముగా దూర్చి, చల్లార్చి తీసిన చట్రములకు అంటుకొని వందలకొలది భాగములుండును. కత్తెర వంటి నిప్పరుతో భాగమును చట్రమునుండి వేరుచేసి, అచ్చు రెండు సగములు కలిసిన చోట ఏర్పడిన సన్నని గీతను కత్తిమొనతో గీకి, నీటికాగితమను గరుకు కాగితముతో రుద్ది నునుపు చేయవలెను. అతుకుటకు వాడు ద్రవము మనము కొయ్యకు వాడు ఫెవికాల్ వంటిది కాదు. అది ప్లాస్టికు అంచులను కరగించును. కరగిన అంచులు ఒకదానితో నొకటి కలిసిపోయి, ద్రవము ఆవిరి యైన పిమ్మట ఒకే ముక్కయగును. రెండు భాగములను ముందుగా జోడించి పట్టుకొని, కుంచెమొనతో ఆ సందు చెంత ఒక్క చుక్క తాకించినచో, ద్రవము తనంతట తానే సందు పొడవునను ప్రాకిపోవును. సన్నని రాగి లేక ఇత్తడి భాగములకు మాత్రము ఫెవిక్విక్ వంటి జిగురు తప్పదు.

చిన్న పనిముట్ల విషయమున సూరతు వాసి అదృష్టవంతుడు. లోకమున సానబట్టబడు వజ్రములలో అత్యధికభాగము ఈ నగరమున సానదేరుచున్నది; మహిధర్‌పురా, వరాఛా వీథులలో వజ్రపు వర్తకులు వాడు పదిరెట్ల భూతద్దమును, సూదిమొన వంటి చిమటాలును సులభముగా దొరకును. రవ్వను పట్టుటకై చేసిన చిమటా అరమిల్లీమీటరు మరను పట్టుటకును అంతే నమ్మకమైనది. వస్త్రముల నగరమై యుండియు లారీ మీది టార్పాలిన్ గుడ్డకు మాత్రము సూరతు బట్ట పనికిరాదు, దీనికి కారణము వినదగినది. నూలుపోగు మిల్లీమీటరులో అయిదవ వంతు సన్ననిదైనను, నమూనా మీదికి వచ్చునప్పటికి అది ఏడు మిల్లీమీటర్ల దళసరి త్రాడుగా కనబడును. కళ్లకు పట్టువలె తోచు బట్ట ఆ బండి మీద వలవలె తోచును. అందుచే నేత కనబడని పలుచని టిష్యూ కాగితమును నీటిలో పలుచగా కలిపిన ఫెవికాల్‌తో తడిపి, కమ్మీల మీద పరచి, తడి ఆరకముందే కుంచెతో ముడతలు తీర్చవలెను. గుడ్డ నడుమ నీరు నిలిచి జారిన చోట కొద్దిగా లోతు, త్రాళ్లు లాగిన చోట నక్షత్రాకారపు ముడతలు — ఇవి ఊహించి చేయదగినవి కావు. వస్త్రవిపణి ముందు వాన వెలిసిన వెంటనే నిలిచియున్న ఏ లారీని చూచినను తెలియును.

బరువు మరచిపోరాదు. కిట్టు సూచించినట్లు కట్టిన లారీ ఖాళీ బండి వలె నిటారుగా నిలుచును. దానిపై డ్రమ్ములను, పెట్టెలను నింపి అట్లే వదలినచో చూచువాని మనస్సు ఏదియో అసత్యమున్నదని పసిగట్టును, ఏది యని చెప్పలేకపోయినను. బరువెక్కిన బండి వెనుక కమానులు చదునగును, టైర్ల అడుగుభాగము ఉబ్బును, ముందుదీపముల చూపు కొంచెము పైకి లేచును. టైరు అడుగును నీటికాగితముపై కొద్దిగా రుద్ది చదును చేయుట, వెనుక ఇరుసును అరమిల్లీమీటరు పైకి అతుకుట — చేసినది ఇంతే యైనను బండి బండిగా మారును.

ఇక రంగు. ఆ లారీల ఆలివ్ డ్రాబ్ వర్ణము నలుపును, పసుపుపచ్చని గోపీమట్టి రంగును కలుపగా పుట్టిన ఛాయ. ఆకుపచ్చగా తోచినను అందు ఆకుపచ్చ చేరనక్కరలేదు. ఈ రంగును సీసాలో నున్నది ఉన్నట్లు పూసినచో నమూనా నల్లబారి కనబడును. దూరముననున్న కొండ వెలిసినట్లు తోచుటకు నడుమనున్న గాలి ఎట్లు కారణమో, చిన్న వస్తువు మీది రంగును కొంత తేలికపరుపవలసి వచ్చుటకును అట్టి దృష్టిధర్మమే కారణము. అందువలన అనుభవజ్ఞులు మూలవర్ణమున కొంచెము లేతరంగు కలిపి, పైకి తిరిగియున్న తలములపై ఇంకను లేతగాను, క్రిందితట్టు నీడలలో ముదురుగాను ఎయిర్‌బ్రష్‌తో చిమ్ముదురు. కంప్రెసరు గాలిని పదునైదు, ఇరువది పౌండ్ల ఒత్తిడికి మించనీయక, పలుచని పూతలు పలుమార్లు వేయుట క్షేమము.

సూరతు వానకాలము ఇచ్చట ఒక శత్రువు. జూను నడుమనుండి సెప్టెంబరు వరకు గాలియందు తేమ అధికము. లాకరు జాతి రంగులలోని ద్రావకము అతివేగముగా ఆవిరియగుచు పూతను చల్లబరచును. చల్లబడిన పూతపై గాలిలోని తేమ చెమర్చి, ఆరిన పిమ్మట పాలపొర వంటి తెల్లదనము మిగులును. ఆ దినములలో నెమ్మదిగా ఆరు ద్రావకమును కలుపుట గాని, నీటితో పలుచనగు ఆక్రిలిక్ రంగులను వాడుట గాని, వాన తెరపియిచ్చు దినము కొరకు వేచియుండుట గాని ఉత్తమము. కంప్రెసరు గొట్టమునకు తేమను పట్టియుంచు చిన్న పాత్రను తగిలింపక వానకాలమున పని ఆరంభింపరాదు.

అమెరికా సేనల తెల్లని నక్షత్రమును, సంఖ్యలను నీటిలో తడిపి జార్చి అంటించు డెకాల్ కాగితములు కిట్టుతోనే వచ్చును. గరుకు పూతపై వానిని అంటించినచో అడుగున గాలి చిక్కుకొని వెండివలె మెరయును. కావున ముందుగా మెరుగు వార్నీషు పూసి, అంటించి, మెత్తబరచు ద్రావణముతో ఒత్తి, తరువాత మరల కాంతిహీనమైన వార్నీషు పూయుదురు. ఈ పని తేలిక.

ఇంతవరకు జరిగినది నేర్పు. ఇకపై జరుగవలసినది వివేకము. కర్మాగారమునుండి ఇప్పుడే వెలువడినట్లున్న నమూనాను, ఎండకు, వానకు, చేతులకు, బూట్లకు, పెట్రోలునకు గురియైన బండిగా మార్చుటను ఈ కళాకారులు వెదరింగ్ అందురు. 1970, 80 దశకములలో బెల్జియము దేశీయుడగు ఫ్రాంస్వా వెర్లిండెన్ పలుచని ముదురురంగు ద్రవమును సందులలో పారించు పద్ధతిని, దాదాపు ఆరిన కుంచెతో అంచులను తేల్చు పద్ధతిని ప్రపంచమంతట ప్రచారము చేసెను. అమెరికాలో షెపర్డ్ పెయిన్ 1980లో వెలువరించిన గ్రంథముతో నమూనాను దాని పరిసరములతో కలిపి ఒక దృశ్యముగా నిలుపు విద్యను సామాన్యులకు నేర్పెను. తరువాతి తరమున స్పెయిన్ కళాకారులు, వారిలో ముఖ్యముగా మిగ్ హిమెనెస్, పొడిరంగులను, తైలవర్ణములను ఈ పనికి విస్తారముగా తెచ్చిరి. నేడు ప్రతి మరకకును ఒక సీసా అంగడిలో దొరకును. అందువలననే ఒక అపాయమును పుట్టినది: సీసా ఉన్నది గనుక మరక పెట్టుట.

నేను గట్టిగా నమ్మునది ఇది. నమూనాపై కారణము చెప్పలేని మరక ఒక్కటియు నుండరాదు. ఈ తుప్పు ఇచ్చట ఏల యున్నది? ఈ గీత ఎవరి చేతివలన పడినది? ఈ బురద ఎప్పటిది? మూడింటికి సమాధానము లేనిచో దానిని తుడిచివేయవలెను. 1944 వేసవిలో ఓడ దిగి శరత్తునాటికి రెడ్ బాల్ బాటను పరుగులెత్తిన లారీకి వయస్సు కొన్ని నెలలు మాత్రమే. దానిపై దుమ్ముండును, బురద యుండును, అడుగుమెట్టు మీది రంగు అరిగియుండును; తలుపులు చిల్లులు పడునంత తుప్పుండదు. సైలెన్సరు గొట్టము మాత్రము ఎంత కొత్త బండికైనను వారములలోనే తుప్పుపట్టును, ఏలయన వేడి దానిమీది రంగును మొదటనే కాల్చివేయును. ఆ లారీల యుద్ధకాలపు పెట్టెలలో పెక్కింటిని ఉక్కు ఆదా చేయుటకై కొయ్యతో చేసిరి. కొయ్య పెట్టె గీచుకొన్నచో బయటపడునది కొయ్య. దానిపై వెండిరంగు గీతలను, తుప్పు చారలను వేసిన నమూనాలు ప్రదర్శనలలో బహుమానములు సైతము పొందుచుండుట చూచి నాకు బాధ కలుగును. రబ్బరు తుప్పుపట్టదు. కాన్వాసు పెచ్చులూడదు. అమెరికా బండికి చోదకుడు ఎడమవైపున కూర్చుండును గనుక ఎడమ అడుగుమెట్టును, ఎడమ తలుపు పిడి పరిసరములును కుడివానికంటె ఎక్కువ అరుగును. మన దేశపు లారీకి ఇది తారుమారగును.

క్రమము ఇట్లుండును. ఆక్రిలిక్ పూత బాగుగా ఆరిన పిమ్మట, వైట్ స్పిరిటులో పలుచగా కలిపిన ముదురు గోధుమరంగు ఎనామెలును మరల చుట్టును, సందుల వెంటను కుంచెమొనతో తాకింతురు. అడుగుపూత నీటిజాతిది, పైది నూనెజాతిది. ఒకదాని ద్రావకము రెండవదానిని కరగింపదు గనుక తప్పుగా పడినదానిని నిర్భయముగా తుడిచివేయవచ్చును. అటుపిమ్మట తైలవర్ణములు. మన దేశమున క్యామెల్ వారి చిన్న గొట్టములు ఏ పుస్తకాల దుకాణములోనైనను దొరకును. ఎండు గోధుమ, గోపీ, తెలుపు రంగులను చుక్కలుగా పెట్టి, స్పిరిటులో తడిపి పిండిన కుంచెతో పైనుండి క్రిందికి లాగినచో, వాననీరు దుమ్మును కడుగుచు జారిన చారలు ఏర్పడును. నిలిచియున్న బండిపై నీరు క్రిందికే జారును; అడ్డముగా సాగిన చార గాని, ఏటవాలుగా సాగిన చార గాని భౌతికధర్మమునకు విరుద్ధము. రంగు ఊడిన చోట్లకు చిన్న స్పాంజి ముక్కను రంగులో ముంచి, కాగితముపై ఒత్తి ఆర్చి, అంచులపై మెల్లగా తాకింతురు. స్త్రీలు కేశములకు చిమ్ము హెయిర్‌స్ప్రేను రెండు రంగుపూతల నడుమ చిమ్మి, పైపూత ఆరిన కొంతసేపటికి నీటితో తడిపి కుంచెతో రాపాడించినచో, నడుమపొర నీటికి కరగి పైపూత సహజముగా పెచ్చులూడును. యుద్ధకాలమున తొందరగా వేసి తొందరగా చెరిగిన తెల్లని మంచురంగు పూతలకు ఇంతకు మించిన పద్ధతి లేదు.

చివరిది మట్టి. ఈ విషయమున దక్షిణ గుజరాతు నేల గొప్ప ఉపాధ్యాయుడు. సూరతు చుట్టును నల్లరేగడి. తడిసినపుడు కాటుక, ఆరినపుడు బూడిద. అదే మట్టి, అదే దినమున, ఒకే లారీపై మూడు వర్ణములలో కనబడును: చక్రపు లోతట్టున నేటి తడి బురద నల్లగా నిగనిగలాడుచుండును; దానిపై బంపరు దిగువ నిన్నటి బురద అంచులు తేలి మధ్యస్థముగా నుండును; పైన తలుపు మీద మొన్నటి చిమ్ములు వెలిసి తెల్లబారియుండును. ఈ మూడు పొరలను మూడు తేదీలుగా భావించి వేసినవాని నమూనా మాటలాడును. చక్రము విసరిన బురద చక్రపు అంచునుండి విసనకఱ్ఱ వలె వ్యాపించును. నిలిచిన నీటి గుర్తు దీనికి పూర్తిగా భిన్నము. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడువబడిన నీటితో తపతి పొంగి నగరమున అధికభాగము మునిగినపుడు, సైన్యమును సహాయమునకు పిలువవలసి వచ్చినది. నీరు తీసిన పిమ్మట ఇండ్ల గోడలపైనను, వీథులలో మునిగియుండిన వాహనములపైనను తిన్నని అడ్డగీతయు, దాని దిగువ సన్నని ఒండ్రు పొరయు మిగిలినవి. వాగు దాటిన సైనిక లారీని చూపదలచినవారు ఆ అడ్డగీతనే చూపవలెను, విసనకఱ్ఱను గాదు.

మట్టిని సీసాలలో కొననక్కరలేదు. అయితే నేలమీది మట్టిని తెచ్చి చల్లుటయు కుదరదు. మిల్లీమీటరులో మూడవ వంతు ఇసుకరేణువు నమూనా ప్రక్కన సెంటీమీటరుకు పైబడిన గులకరాయిగా నిలుచును. ఎండిన రేగడిని మెత్తగా నూరి, సూరతు జార్జెట్టు గుడ్డతో రెండు మూడు మార్లు జల్లించవలెను. టార్పాలిన్‌కు పనికిరాని బట్ట ఇచ్చట జల్లెడగా అమూల్యమైనది. ఆ పొడిని రంగుపొడితో కలిపి, కుంచెతో పొడిగానే అద్ది, వైట్ స్పిరిటును ఒక చుక్క తాకించినచో అది పారిన చోటున ధూళి నిలిచిపోవును. తడి బురదకు కొంత మెరుగు వార్నీషు చేర్పుదురు. పెట్రోలు టాంకు మూత దిగువన మాత్రము ధూళిమీద నూనెరంగు ముదురు చార యొకటి వేయవలెను. డబ్బాతో ఇంధనము పోయు చేయి ఎంత జాగ్రత్తపడినను కొంత ఒలుకును, ఒలికిన ఇంధనము ఆవిరియైనను అది అంటించుకొన్న ధూళి అచ్చటనే యుండును. అదియును ఒకే మరక గాదు. నిన్నటిది వెలిసి, నేటిది ముదురై, ఒకదానిపై నొకటి నుండవలెను.

మన సైన్యపు వాహనములను ఇట్లు నిర్మింపదలచినవారికి శ్రమ ఎక్కువ. విదేశపు కిట్టును మార్చి మన బండిగా చేసికొనవలెను. డెకాల్‌లను స్వయముగా ముద్రించుకొనవలెను. మన సైనిక వాహనపు సంఖ్యాఫలకమున మొదట పైకి మొనచూపు బాణపు గుర్తు, దానివెంట ఆ వాహనము సైన్యమున చేరిన సంవత్సరమును దెలుపు రెండంకెలు నుండును. ఈ చిన్న విషయము తప్పినచో తక్కిన శ్రమ యంతయు వృథా. తెలంగాణలోని ఎద్దుమైలారమున 1984లో నెలకొల్పబడిన మెదకు ఆయుధకర్మాగారము, బి.ఎం.పి.-2 సారథ్ యను కవచశకటములను తయారుచేయుటయే గాక, అదే చట్రముపై కవచము గల అంబులెన్సును సైతము నిర్మించినది. బి.ఎం.పి.-2 కిట్లు విదేశీ సంస్థలవి దొరకుచున్నవి. ఆ అంబులెన్సును తెలుగువాడు గాక మరెవరు నిర్మింతురు? అహిల్యానగరున (పూర్వపు అహమద్‌నగరున) 1994లో ఆరంభమైన టాంకుల ప్రదర్శనశాల కవచవాహనములను దగ్గరనుండి చూచుటకు తగిన చోటు. ఆయుధకర్మాగారముల ద్వారముల చెంతను, సైనిక స్థావరముల చెంతను ఛాయాచిత్రములు తీయబోవలదు. అది చట్టవిరుద్ధము, అనవసరము కూడను. గణతంత్రదినోత్సవ ప్రదర్శన చిత్రములు బహిరంగముగానే లభించును. అయితే ఆ ప్రదర్శన బండ్లు కడిగి మెరుగుపెట్టినవి. అవి ఆకారమును నేర్పగలవే గాని పనిని నేర్పలేవు.

పనిని నేర్పగలవారు మన గ్రామములలో నున్నారు. జర్మనీ దేశపు మాన్ సంస్థ నమూనాతో 1959 మొదలు జబల్పూరున తయారై, తొంబదుల దశకము వరకు నిర్మింపబడిన శక్తిమాన్ లారీని నడిపిన ఆర్మీ సర్వీస్ కోర్ చోదకులు నేడు వృద్ధులు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము వంటి ఊళ్లలో, ఇంటికొక సైనికుడుండిన వీథులలో, అట్టివారిని వెదకుట కష్టము గాదు. వారి యొద్దకు పోయి, తాతా, ఎడారిలో మీ బండి అద్దము మీద దుమ్ము ఎంతమేర తుడుచుకొనెడివారు, లద్దాఖు చలిలో రేడియేటరు మీద ఏమి కప్పెడివారు, ఇంధనపు డబ్బాను ఏ వైపున కట్టెడివారు, వెనుక తలుపు మీద ఏ చోట రంగు ముందుగా అరిగెడిదని అడిగి వ్రాసికొనుడు. వారు చెప్పినది చెప్పినట్లు ఒక శక్తిమాన్ లారీని నిర్మించి, ముందుగా వారికే చూపుడు.